కడాయి పక్కన మంచం

తొంభైల మొదట్లో ఆర్మూర్‌లో నా వకీలు పని అంతంతమాత్రమే. పసుపు మార్కెట్ వెనక సందులో ఒంటి గది. పగలు ఆఫీసు, పొద్దుగూకితే ఇల్లు, రెండూ అదే. భూమి తగాదాలకు పెద్ద వకీళ్లు ఉండేవారు. నా దగ్గరికి జైల్లో జబ్బుపడ్డవాళ్ల ఇంటివాళ్లు వచ్చేవారు. చావుకు దగ్గరైన ఖైదీని ముందుగా వదిలిపెట్టమని సర్కారుకు అర్జీ పెట్టి, దాని వెంట తిరిగేవాణ్ని. చాలామంది అర్జీ తేలకముందే పోయేవారు. ఆ కబురు విన్న రోజు గదిలో మాట్లాడేందుకు ఇంకో మనిషి లేక గోడల్ని చూస్తూ కూర్చునేవాణ్ని.

ఒకసారి భీమ్‌గల్ వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఆమె తమ్ముడు పొలం గెట్టు తగాదాలో ఒకరిని చంపి, యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. ఇప్పుడు కాలేయం చెడి పొట్టనిండా నీరు చేరింది. వాడు తన దగ్గర కన్నుమూస్తే చాలని ఆమె కోరిక. బతకడని జైలు డాక్టరు రాసిచ్చాడు. ఇక చూసుకునేవాళ్లు ఉన్నారా అని పోలీసులు ఊళ్లో విచారించడమే మిగిలింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. విచారణకు వెళ్లిన జమేదారు ఇంటికి తాళం చూసి, చూసుకునేవాళ్లు ఎవరూ లేరని రాసేశాడు. అర్జీ తిరిగొచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పసుపు ఉడికించే రోజుల్లో మా వైపు ఏ ఇంట్లో మనుషులుంటారు? పిల్లాజెల్లాతో కాపురం చేనుకే మారుస్తారు. ఆ జమేదారూ ఈ జిల్లావాడే. నాలుగడుగులు చేను దాకా వేస్తే అందరూ కనబడేవారు.

బస్సు దిగి చేనుకు పోయేసరికి ఆమె పసుపు ఉడికే పెద్ద కడాయి కింద ఎండాకు మంట ఎగదోస్తోంది.

"అక్కా, మీ ఇంట్ల ఎవ్వరు లేరని రాసిండ్రు," అన్నాను.

"గట్లెట్ల రాస్తరు సారూ? మేం గీడ్నే ఉన్నం గదా."

ఇంకాస్త ఎండాకు మంటలోకి తోసి, "వాన్ని గీడికే పంపియ్యమను. గీ కడాయి పక్కకే మంచమేస్త," అంది.

పచ్చటి చేతులతో అలాగే నా వెంట ఠాణాకు వచ్చింది. చేనులో రోగిని ఎట్లా చూస్తావమ్మా అని ఎస్సై అడిగాడు.

"ఇంట్ల ఒక్కన్ని పండవెట్టి తాళమేస్తే సూసినట్టా సారూ?"

ఆయన జమేదారును పిలిచి రిపోర్టు మళ్లీ రాయించాడు. ఎన్నడూ లేనిది ఈసారి త్వరగా తేలింది. ఊళ్లో ఆఖరి కడాయిలు ఉడుకుతుండగా తమ్ముణ్ని చేనుకు తెచ్చుకున్నారు. నాకు పండగలా అనిపించింది. ఆ రోజు హోటల్లో ఒక్కణ్నే కూర్చుని మిఠాయి తిన్నాను.

కొన్నాళ్లకు ఆమె నా గదికి వచ్చి గడపలోనే కూర్చుంది.

"మంచిగనే పోయిండు సారూ. అందరం ఆడ్నే ఉన్నం. గని ఆఖరికి నన్ను పిలువలే. జైల్ల పక్క మంచపాయనను పిలిసిండు. గాయనకు జర చెప్పిరా."

ఆమె ఏడవలేదు.

జైలు దవాఖానకు వెళ్లాను. ఆ పక్క మంచం మీద దగ్గుతో ఎముకల గూడైన ముసలాయన ఉన్నాడు. చెప్పాను.

"ఇంటోళ్ల దగ్గర్నే పోయిండా?"

"అవును."

"మంచిగయింది," అని దుప్పటి మీదికి లాక్కున్నాడు.

నీకూ అర్జీ పెడతానన్నాను.

"ఎవరింటికని పెడ్తవు సారూ?"