పుస్తకం కోసం కాజీపేటకు, అత్తమ్మతో

ఎనభైల మొదట్లో ఒక శనివారం, ఒకే ఒక్క పుస్తకం చదవడానికి కేసముద్రం నుంచి కాజీపేటకు వెళ్ళొచ్చాం. ఇంకెవరికైనా అలాంటి అవసరం పడొచ్చు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది బాప్టిస్టు కుటుంబం. నేను బడిలో టీచరును. ఆదివారం గుడిలో పిల్లలకు బైబిలు చెప్పేదాన్ని. మా నాన్న పోయిన దగ్గర్నుంచి నాకు ప్రార్థన రావడం మానేసింది. ఉండబట్టలేక మా బడిలోనే పనిచేసే కతోలిక టీచరు థెరిసాకు చెప్పుకున్నాను. "అచ్చం గిట్లనే అయిన ఒక సిస్టర్ రాసుకున్న పుస్తకం ఉన్నది. కాజీపేటల మా గుడి పక్కన రీడింగ్ రూముల దొరుకుతది" అంది.

ఆ మాట మా పాస్టరు గారి చెవిన పడింది. "సుగుణమ్మా, వాళ్ళ పుస్తకాలు చదివి మన పిల్లలకు పాఠం చెప్తవా? ఆ పుస్తకమో, క్లాసో, ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. మూడు రోజులు ఆలోచించి పుస్తకమే అనుకున్నాను. ఎందుకో చెప్పకుండా, పుస్తకం కోసం పోతున్నానని ఇంట్లో అనగానే మా అత్తమ్మ మార్తమ్మ సంచి సర్దుకుంది. ఆమెకు చదువు రాదు, పట్టుదల మాత్రం వచ్చు.

"ఒక్కదానివి పోకు. వాళ్ళు నీ మెడల జపమాల ఏస్తే ఎవలు తీస్తరు? నేను సుత వస్త."

ఏడున్నరకు రావాల్సిన ప్యాసింజరు ఎనిమిదింటికి వచ్చింది. ఎదురుగా మిర్చి బస్తా మీద చెయ్యేసుకుని కూర్చున్న ఒక రైతు, మేమెందుకు పోతున్నామో విని నోరు తెరిచాడు. "చదువనీకి రైలెక్కిన్రా! మా పోరలు బడికి పొమ్మంటెనే చెట్టెక్కుతరు." పెట్టెలో అందరూ నవ్వారు. అతను వరంగల్లులో దిగిపోయాడు. మేం కాజీపేటలో దిగి రిక్షా ఎక్కి, పదింటికల్లా గుడి చేరుకున్నాం.

రీడింగ్ రూమంటే రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల. అక్కడున్న సిస్టర్ పుస్తకం తీసిచ్చి, "ఒక్కటే కాపీ అమ్మా, బయటికియ్యం. మూడున్నర దాక ఈడనే కూసొని చదువుకోన్రి" అంది.

"లోపట లోపట చదివితే నాకేం తెలుస్తది? పైకి చదువు. తప్పుంటె నేను చెప్త" అంది అత్తమ్మ.

పైకే చదివాను. మరియమ్మ పేరు వచ్చినప్పుడల్లా "అది ఇడిసిపెట్టు" అనేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సిస్టర్ మాత్రం నవ్వి, "ఇడిసిపెట్టన్రి పెద్దమ్మా, ఆ తల్లి ఏమనుకోదు" అంది.

పదకొండు దాటాక అసలు చోటు వచ్చింది. తనకు రెండేళ్ళు ప్రార్థన రాలేదనీ, రోజూ సాయంత్రం గుడికి వెళ్ళి కూర్చుని, దేవుడితో చెప్పడానికి ఒక్క మాటా దొరక్క లేచి వచ్చేదాన్ననీ ఆ పుస్తకం రాసిన సిస్టర్ చెప్పుకుంది. అక్కడ చదవడం ఆపాను. అత్తమ్మ వైపు చూస్తే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"మీ మామ పోయినంక నాకు గూడ గట్లనే అయ్యింది బిడ్డా. గుడిల అందరితోని పెదాలు కదిపిన, గంతే. లోపట ఏం లేకుండె. ఎవ్వలకు చెప్పలే."

నేను కాపురానికొచ్చిన ఏడాదే మామయ్య పోయారు. ఆ ఏడాదంతా గుడిలో ఆమె పక్కనే కూర్చున్నాను. నాకేమీ తెలియలేదు. ఇప్పుడు నా సంగతీ చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

పన్నెండున్నరకు వరండాలో సద్ది విప్పాం: జొన్నరొట్టె, వంకాయ కూర. సిస్టర్ చల్ల తెచ్చిచ్చి, మా కూర సగం తినేసింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మరియమ్మ పేరు వచ్చినా అత్తమ్మ ఆపలేదు. "ఊఁ, తర్వాత?" అంటూనే ఉంది. మూడున్నరయ్యేసరికి సగమే అయింది.

నాలుగున్నర ప్యాసింజరు దొరికింది. వరంగల్లులో ఎక్కింది ఎవరనుకున్నారు? దవాఖానలో ఎవరినో చూసి వస్తున్న మా పాస్టరు గారు! నేను ముడుచుకుపోయాను. అత్తమ్మే జరిగి చోటిచ్చింది.

"పుస్తకం చదివొస్తానం అయ్యగారూ. నేను సుత విన్న. దాని క్లాసు తీసేస్తె నన్ను సుత గుడిలకెళ్ళి తీసెయ్యన్రి."

ఆయన జవాబు చెప్పేలోపే కథ మొదలుపెట్టింది. పుస్తకంలోని సిస్టరు కథ, దాంట్లో తన కథ కూడా. ఆయన నెక్కొండ దాకా విన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఇంతకు ఆమెకు మళ్ళ ప్రార్థన వచ్చిందా మార్తమ్మా?" అని అడిగారు.

"ఇంక సగం ఉన్నది. మళ్ళచ్చే శనివారం పోతానం."

"తెలిసినంక నాకు చెప్పు" అన్నారు ఆయన. తర్వాత నావైపు తిరిగారు. "రేపు క్లాసుకు జర జల్దిగ రా అమ్మా. పిల్లలు ఎదురుచూస్తరు."

పొద్దు గూకే వేళకు కేసముద్రంలో దిగాం. నాకు ప్రార్థన ఆ రోజేమీ తిరిగి రాలేదు. అయినా మనసు తేలికపడింది. ఎనిమిదేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాం. ఒకరి దిగులు ఒకరికి తెలియడానికి మాత్రం అత్తాకోడళ్ళం రైలెక్కి వేరేవాళ్ళ గుడికి పోవాల్సి వచ్చింది.