నైలాన్ సార్, నా నాలుగు గోళ్లు

ఆ రోజుల్లో నా అంత తెలిసినవాడు సూర్యాపేటలో ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్లు, సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగం, ఎవరి ఫోనుకైనా ఒక్క బుడగ రాకుండా టెంపర్డ్ గ్లాస్ అంటించగల చేయి. ఇన్ని ఉన్నవాడికి పొగరుండదా? ఆ పొగరు మీద ఇంకో రెండంతస్తులు లేపింది మాత్రం గిటారే. (ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గాని, అప్పుడు ఎవరైనా నవ్వి ఉంటే వాళ్లతో వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు.)

గిటారు పిచ్చి నాకు మిర్యాలగూడలో పట్టింది. షాపులో నాతో పనిచేసే దోస్తు వాళ్లన్న పెళ్లి, చర్చిలో. సరిగ్గా పెళ్లికూతురు లోపలికి వచ్చే వేళకు కరెంటు పోయి కీబోర్డు మూగబోయింది. అందరూ జనరేటరు కోసం కేకలేస్తుంటే, ముందు బెంచీలోంచి ఒక పెద్దాయన లేచి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, తన గిటారు ఒళ్లో పెట్టుకుని, ఎడమ కాలు చిన్న పీట మీద ఆనించి వాయించడం మొదలుపెట్టాడు. వట్టి వేళ్లతోనే. కింద ఎవరో నిదానంగా నడుస్తున్నట్టు ఒక స్వరం, దాని పైన ఇంకెవరో పాడుకుంటున్నట్టు మరో స్వరం. రెండో గిటారు వాయించేవాడు ఎక్కడున్నాడా అని నేను తెర వెనక్కి వెళ్లి మరీ చూశాను. అక్కడ కుర్చీల దొంతర, ఒక చీపురు ఉన్నాయి. తిరిగొచ్చి ఆయన చేతినే చూస్తూ దారిలో నిలబడిపోయాను. ఆ పెళ్లి వీడియోలో పెళ్లికూతురు నన్ను తప్పించుకుని నడవడం ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆయన రిటైరైన లెక్కల సారు. ఇనుప తీగలు కాకుండా నైలాన్ తీగల గిటారు వాయిస్తాడు కాబట్టి ఊళ్లో అందరికీ నైలాన్ సార్. హైదరాబాదులో ట్రైనింగు చేసే రోజుల్లో ఒక గురువు దగ్గర క్లాసికల్ గిటారు నేర్చుకున్నాడట. మరుసటి ఆదివారమే వెళ్లి నాకూ నేర్పమని అడిగాను. "వస్తే రా. గని ప్రతి ఆదివారం రావాలె, తప్పొద్దు" అన్నాడు. అలా ఎనిమిది నెలలు మిర్యాలగూడ బస్సు ఎక్కాను. ముందు గదిలో నా పాఠం. పక్క గదిలో మంచం మీద సార్ భార్య, నేను అమ్మగారూ అని పిలిచేవాణ్ణి, పక్షవాతంతో లేవలేని మనిషి. పాఠం అయ్యాక సార్ కంచంలో అన్నం కలుపుకుని ఆ గదిలోకి వెళ్లేవాడు, నేను బస్సు కోసం పరుగెత్తేవాణ్ణి.

ఇక గోళ్ల సంగతి. అది సార్ చెప్పింది కాదు, ఫోన్‌లో వీడియోలు చూసి నేను సంపాదించిన జ్ఞానం. పెద్ద పెద్ద వాద్యకారులందరూ కుడిచేతికి గోళ్లు పెంచుతారు, గోటితో మీటితేనే తీగ గంటలా మోగుతుంది. మా సార్ గోళ్లేమో మొదలంటా కత్తిరించి ఉండేవి. పాపం పాతకాలం మనిషి, ఆయనకెవరూ చెప్పి ఉండరు, సమయం చూసి మెల్లగా నేనే చెప్పాలి అనుకున్నాను. (అవును, సరిగ్గా అలాగే అనుకున్నాను.) ముందు నేను పెంచి చూపిద్దామని కుడిచేతికి నాలుగు గోళ్లు పెంచాను, ఎడమచేతికి ఒక్కటీ లేదు. మన తిండి కుడిచేతిదాయె. పప్పన్నం కలిపితే గోళ్లు పచ్చబడతాయి, పచ్చడి కలిపితే ఎర్రబడతాయి. అందుకని చెంచా పట్టాను. చేయి పెట్టుకుని చెంచా ఏందిరా, నీకేమన్న రోగమొచ్చిందా అని అమ్మ రోజూ తిట్టేది. నేను జాలిగా నవ్వి ఊరుకునేవాణ్ణి. కళ గురించి ఆమెకేం తెలుసు?

ఇంతలో షాపు సేటు ఇక ఆదివారం సెలవులు కుదరవన్నాడు. అదే వారం సార్‌ను కోదాడలో ఒక స్కూలు వార్షికోత్సవంలో వాయించమని పిలిచారు. తన కంటే ముందు ఒక ముక్క నన్ను వాయించమన్నాడు సార్. మా నాన్న చివ్వెంల దగ్గర వ్యవసాయం చేసుకునే మనిషి, రెండు సంగతులనూ కలిపి ఒకే తీర్పు చెప్పాడు. "కోదాడల మీ బావ ఇంటడు. ఆయన మంచిగుందంటే సేటుతోని నేను మాట్లాడత. లేదంటే ఇగ ఖతం, ఆదివారం గూడ షాపుకే పో." అక్క భర్తకు కోదాడలో విత్తనాల దుకాణం ఉంది. సంగీతంలో ఆయనకు తెలిసింది ట్రాక్టరు హారన్ ఒక్కటే. నా ఆదివారాలన్నీ తీసుకెళ్లి ఆయన చెవిలో పెట్టాడు నాన్న. అయినా నాకు భయం లేదు. నా నాలుగు గోళ్లు ఉన్నాయి కదా.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లో. ముద్దపప్పు, ఆవకాయ. అలవాటుగా చెంచా అడిగాను. అక్క అత్తగారు వడ్డించడం ఆపేసి, "ఏం బాబూ, మా ఇంట్లో అన్నం చేత్తో తినబుద్ధి కావట్లేదా?" అన్నారు. అక్క నావైపు చూసిన చూపుకు చెంచా సంగతి మరిచిపోయి చేత్తోనే తిన్నాను, నాలుగు గోళ్లూ రంగులు మారాయి. అదైనా నయం. చేయి కడుక్కుని వస్తే ఆవిడ తన ఫోను చేతిలో పెట్టి, నీ పని ఇదేనటగా, ఈ పగిలిన గ్లాసు కాస్త తీసిపెట్టమన్నారు. ఫోను చూస్తే నా చేయి ఆగదు. గ్లాసు మూల కింద బొటనవేలి గోరు దూర్చి లేపాను. గ్లాసు మొత్తంగా వచ్చింది. దానితోపాటు నా గోరు కూడా సగానికి విరిగొచ్చింది. అత్తగారు చాలా సంతోషించారు.

సభకు ఇంకా మూడు గంటలు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అక్క నన్ను బజారులో ఫ్యాన్సీ స్టోర్‌కు తీసుకెళ్లింది. అక్కడున్నవి పెళ్లికూతుళ్లు అతికించుకునే గోళ్లు, ఎర్రటివి, పైన బంగారు మెరుపులు. కొట్టులో ఆమె అక్కను వేలు చూపించమంది. నేను నా బొటనవేలు చాపాను. ఆమె ఒకసారి అక్కను, ఒకసారి నన్ను చూసి, ఇంకేమీ అడగకుండా సైజు వెతికిచ్చింది.

స్టేజీ మీద లైటు పడగానే నా బొటనవేలు ధగధగా మెరిసింది. ముందు వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వాయించడం మొదలుపెట్టాను. గోళ్లు టకటకలాడుతున్నాయి, స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి, నాకు మాత్రం అద్భుతంగా వినిపిస్తోంది. సగానికి వచ్చేసరికి ఆ ఎర్ర గోరు ఊడి, గిటారు గుండ్రటి రంధ్రంలోంచి లోపల పడింది. నా ప్రాణం కూడా దాని వెనకే జారింది. ఆగితే ఆదివారాలు పోయినట్టే. స్టేజీ కింద పక్కనే కూర్చున్న సార్ నా చేతిని చూడటం లేదు, కళ్లు మూసుకుని, కాలితో నిదానంగా తాళం వేస్తున్నాడు. నేనూ ఆ నిదానానికి దిగాను. బొటనవేలి కండతో మీటాను, మిగతా వేళ్లు కూడా వాల్చి గోరు తగలకుండా మీటాను. అప్పుడు వినిపించింది, కింద ఎవరో నడుస్తున్న స్వరం, పైన ఇంకెవరో పాడుకుంటున్న స్వరం. ఈసారి తెర వెనక వెతకలేదు. ముక్క చివరిదాకా ఆగకుండా వాయించాను.

దిగాక బావ దగ్గరికి వెళ్లాను. ఆయన గొంతు సవరించుకుని, "మొదట రేకు డబ్బా కొట్టినట్టుందిరా. మధ్యలో ఏదో మార్చావు చూడు, అక్కణ్ణించి బాగుంది. ఆదివారాలు వెళ్లు, మామయ్యకు నేను చెప్తాలే" అన్నాడు. సంగీతం తెలియదని నేను తీసిపారేసిన మనిషికి, నా ఎనిమిది నెలల వీడియోలకు అంతుపట్టనిది అంతుపట్టింది.

సార్ దగ్గరికి వెళ్లి చేయి చూపించి, గోళ్లు పెంచడం తప్పా సార్ అని అడిగాను. ఆయన నా చేతిని తిప్పి చూసి, "తప్పెందుకయితది? నాకూ ఉండేటియి, నీకంటె మంచిగ. మా ఆమెకు నోట్లె ముద్ద పెట్టాలె గద. గుచ్చుకుంటయని తీసేసిన" అన్నాడు. ఇక గోళ్లు లేకుండా అదే శబ్దం రాబట్టడానికి రెండేళ్లు పట్టిందట. అది మామూలుగా చెప్పేసి, గిటారు తీసుకుని స్టేజీ ఎక్కాడు. ఆయనకు నేర్పుదామని దాచుకున్న మాటను అక్కడే మింగేశాను.

ఇప్పుడు నాకు సొంత షాపుంది, ఆదివారం మూసే ఉంటుంది. ఆ రోజు పదిమంది పిల్లలకు గిటారు నేర్పుతాను, గర్వంగానే చెబుతున్నాను, బాగా నేర్పుతాను. గోళ్లు పెంచుతామన్న పిల్లలను పెంచుకోమంటాను. నావి మాత్రం మొదలంటా కత్తిరించి ఉంటాయి, నాకు రెండేళ్ల బిడ్డ ఉంది, నేను కలిపి పెడితేనే తింటుంది. ఆ ఎర్ర గోరు ఇంకా గిటారు లోపలే ఉంది, తీద్దామన్నా తీయబుద్ధి కాలేదు. మా బిడ్డ గిటారును రెండు చేతులతో ఊపి, ఆ గలగల విని కేరింతలు కొడుతుంది, గిటారు వాయించడమంటే అదేననుకుంటోంది. నేనూ వద్దనను. ఆ లోపల గలగలలాడుతున్నవాడు నాకు బాగా తెలిసిన ఇరవై రెండేళ్లవాడే, వాడికి అంతా తెలుసు.