నాలుగు గళ్ల లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే, అది నేనింకా లెక్క కట్టనిదే అయి ఉంటుందని నా నమ్మకం. ఇంటర్ తప్పి, తల్లిదండ్రుల గుణాలు పిల్లలకెలా వస్తాయో చెప్పే బఠాణీ మొక్కల పాఠం ఒక్కటి మాత్రం కంఠతా పట్టినవాణ్ణి. (మేముండే హిందీ ఊళ్లో, క్యాంప్ 2 బస్తీలో నన్ను ‘ప్రొఫెసర్ భయ్యా’ అనేవారు. అది గౌరవమనే అనుకునేవాణ్ణి.)

మా అక్కకు పుట్టుకతో వినపడదు. చరోదా రైల్వే కాలనీ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిదీ పుట్టుచెవుడే. పెళ్లిచూపుల్లో వాళ్లిద్దరూ చేతులతో గంటసేపు ముచ్చట్లాడుకున్నారు. చెవులున్న మేమంతా మాట లేకుండా జంతికలు నమిలాం. అక్క అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. సరిగ్గా అప్పుడే కాగితం తీసి నాలుగు గళ్లు గీశాను.

“ఏట్రా అది?” అన్నాడు నాన్న.

“పుట్టబోయే పిల్లల లెక్క, నాన్నా. లోపం ఇటూ ఉంది, అటూ ఉంది. నాలుగుకి నాలుగూ చెవుడే. పక్కా!”

అబ్బాయి తల్లి టీ కప్పు కింద పెట్టేసింది. “సదువుకున్నోడు సెప్తన్నాడు కదా, ఇంకేటి సూత్తాం?” అని లేచింది. (నేను చదువుకున్నవాణ్ణని నమ్మిన మొదటి మనిషి ఆవిడే.) సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత అక్క ఇంకెవరి ముందూ కూర్చోనంది. కూర్చోలేదు.

ఏడెనిమిదేళ్ల తర్వాత సుపేలా బజార్లో ఆ అబ్బాయి కనిపించాడు. పక్కన భార్య. ఆమెదీ పుట్టుచెవుడేనట. వాళ్ల పాప మాత్రం ఆటోవాడి మీద గొంతు చించుకుంటోంది: “భయ్యా, హారన్ మత్ బజావో! కాన్ ఫట్ గయా!” హారన్ కొట్టొద్దట, చెవులు పగిలిపోతున్నాయట!

ఇంటికెళ్లి, నేను చదవకుండా వదిలేసిన మిగతా పాఠం వెతికి చదివాను. ఒక టార్చిలో సెల్ అయిపోయింది, ఇంకోదానిలో బల్బు పోయింది అనుకోండి. రెండూ వెలగవు. కానీ మొదటిదాని బల్బు, రెండోదాని సెల్ కలిస్తే వెలుగుతుంది. పుట్టుచెవుడూ అంతే: ఇద్దరి లోపమూ ఒకే జన్యువులో ఉంటేనే నా గళ్లు నిజం. అక్కది ఎక్కడో, అతనిది ఎక్కడో నాకు తెలియదు. తెలియదన్న మాటే ఆ రోజు నా నోట రాలేదు.

ఇది అక్కకు చెప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మొన్న రెండు పాత టార్చిలు పట్టుకెళ్లి, విప్పి, మార్చి, వెలిగించి చూపించాను. జాకెట్టు కుడుతున్నదల్లా ఆపి ఓపిగ్గా చూసింది. తర్వాత చేతులతో అడిగింది: ‘చెవిటివాళ్లే పుడితే మాత్రం ఏటి? నాలాగే ఉందురు. నాలా ఉంటే నీకేటి భయం?’

ఆమె భాష నాకు సగమే వచ్చు. అయినా ఆమె రెండోసారి చెప్పేసరికి అర్థమైంది. యాభై దాటిన మనిషినై ఉండీ, అర్థం కానట్టు ముఖం పెట్టి, మళ్లీ చెప్పమన్నాను. అక్క నా వాలకం చూసి పక్కున నవ్వి, మిషన్ వైపు తిరిగిపోయింది.