పేరుకున్న తేనె

మా కింది అంతస్తు అంకుల్ పోయారని మంగళవారం పొద్దున తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. గుండెపోటు. కింద వరసగా "బంగారంలాంటి మనిషి" అని రాశారు. రాసినవాళ్లలో చాలామంది ఆయన ఇచ్చిన తేనెను చెత్త జారవిడిచే చ్యూట్‌లో పారేసినవాళ్లే. మా అమ్మతో సహా.

ఆయన సింగపూర్‌లోని జురాంగ్ ఐలాండ్‌లో కెమికల్ ప్లాంట్ ఆపరేటర్. మేముండే చోవా చూ కాంగ్‌లో మా బ్లాకు పక్క తోటలో, ఒక చిన్న పెట్టెలో కుట్టని తేనెటీగల్ని పెంచేవారు. కాన్వెంట్ నుంచి వస్తూ అక్కడ ఆగేదాన్ని. నేను మాట్లాడకపోయినా ఏమీ అనుకోని పెద్దమనిషి ఆయనొక్కరే. "నీలాంటివాళ్లంటే ఈగలకి ఇష్టం. అదిలించరు" అనేవారు.

రెండేళ్ల కిందట ఆ పెట్టెను తోటవాళ్లకి ఇచ్చేశారు. నంద్యాల దగ్గర ఆయన చెల్లెలి కుటుంబానికి తేనెటీగలే ఆధారం. పొద్దుతిరుగుడు పూసిన చోటికల్లా పెట్టెలు లారీలో వేసుకుని తిరుగుతారు. "నాది సరదా, వాళ్లది బతుకు. నాకున్న సెలవు ఒక్క ఆదివారం, అది వాళ్లకే" అన్నారు. ఊరినుంచి ఎవరొచ్చినా కొన్ని సీసాలు తెప్పించి, ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేవారు. లేబుళ్లు నేను రాసేదాన్ని.

పొద్దుతిరుగుడు తేనె తొందరగా పేరుకుంటుంది. నెయ్యిలా తెల్లబడి పలుకులు కడుతుంది. ఈ సంగతి ప్రతి ఇంట్లోనూ చెప్పారు. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఒకరింట్లో వ్రతానికి అంకుల్నీ పిలిచారు. భోజనాల దగ్గర ఆ ఇంటి ఆంటీ సీసా తెచ్చి అందరి ముందూ బోర్లించింది. తేనె కదల్లేదు.

"చూడండి, అంతా పంచదారే. సొంత చెల్లెలని నమ్మారు, పాపం."

"కాదమ్మా, ఈ తేనె గుణమే అంత. గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది" అన్నారు అంకుల్.

"అసలు తేనె గడ్డకట్టదండీ. వీడియోలో చూశాం."

"అంకుల్ గాట్ స్కామ్డ్ లా" అన్నాడు వాళ్లబ్బాయి ఇక్కడి ఇంగ్లీషులో. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది.

నాకు నిజం తెలుసు. పుస్తకాల్లోనూ చదివాను. పులిహోర ప్లేటు పట్టుకుని గోడవార నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. చూసుంటే మాట్లాడేదాన్నేమో. లేదు, మాట్లాడేదాన్ని కాదు. వాళ్లకన్నా నామీదే నాకు ఎక్కువ రోత.

ఆ వారం, పారేయనివాళ్లు సీసాలు తెచ్చి ఆయన తలుపు ముందు పెట్టి వెళ్లారు. సగం వాడినవి కూడా.

నిన్న నంద్యాల నుంచి ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. లేబుళ్లు రాసే పిల్లనని నా నంబరు అన్న ఇచ్చాడట. చాలాసేపు ఏడ్చి, తర్వాత అడిగింది.

"మా తేన ఆడ అందురికీ శానా నచ్చిందంట గదమ్మా. అన్న ఫోన్ చేసినప్పుడల్లా చెప్తా ఉండె. ఇంగా కొన్ని సీసాలు కట్టిపెట్టినా. ఎవురికి పంపాల?"

"నాకు పంపండి ఆంటీ. నేనిస్తాను" అన్నాను.

తర్వాత గ్రూపులో మొదటిసారి రాశాను: "ఆయన తేనె అసలుదే. పారేసింది మనమే." అమ్మ వచ్చి "ఎందుకే ఇప్పుడు, నలుగురిలో" అంది.

తిరిగొచ్చిన సీసాలు ఏమయ్యాయో నేను చూశాను. డ్యూటీకి వెళ్లేముందు, బ్లాకు కింద రాతిబల్ల దగ్గర, యూనిఫాంలో కూర్చుని ఆయన ఒక్కొక్కటే తినేవారు. ఒకరోజు ఎవరిదో సగం సీసా. అంచున చచ్చిన చీమ. దాన్ని వేలికొసతో తీసి పక్కన పెట్టి, చెంచాతో అడుగుదాకా గీకి, బ్రెడ్డు మీద మందంగా రాసుకున్నారు.