వణికే చేతులతో పళ్ళెం

మా చర్చి సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ప్రభువు సిలువకు ముందు రాత్రి శిష్యులతో చేసిన భోజనానికి గుర్తు. పాస్టరుగారు ప్రార్థన చేసి, ద్రాక్షరసం పోసిన చిన్న గాజు గ్లాసుల పళ్ళెం ఎత్తి సంఘపెద్ద చేతికి ఇస్తారు. అతను దాన్ని ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా పట్టుకుని వెళ్ళాలి. ఒక్క చుక్క ఒలకకూడదు, ఒక్క మనిషిని దాటిపోకూడదు. నేను రిటైరైన దగ్గర్నుంచి ఆ పళ్ళెం నాదే. కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తించడం, దించడం, నీటిమట్టం రాయడం, ఇదే నా ఉద్యోగం. సర్వీసంతా నాకు ఎవరూ దండ వేయలేదు. వేస్తారని చూడనూ లేదు. ఈ పళ్ళెం మాత్రం నాకు కావాలి.

పోయిన వేసవిలో, దాళ్వా పంట కోతల రోజుల్లో, అమలాపురంలో పని చూసుకుని రాజోలు బస్సులో ఇంటికి వస్తున్నాను. కిటికీ పక్క సీటు, గాలి బాగానే వస్తోంది. ఉన్నట్టుండి గుండె తలుపు మీద ఎవరో బాదుతున్నట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులు చల్లబడ్డాయి. ఇదే చివరి గడియ అనుకున్నాను. కండక్టరు బస్సు ఆపించి, సోడా తాగించి, ఆటో ఎక్కించాడు. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశారు. డాక్టరమ్మ మా మనవరాలి వయసు పిల్ల. కాగితాలు రెండుసార్లు చూసి నవ్వింది.

“గుండె శుభ్రంగా ఉందండి తాతగారూ. భయమే ఎక్కువగా ఉంది.”

నాకు రోషం వచ్చింది. వరదల్లో ఏటిగట్టు మీద కాపలా కాసిన మనిషిని, నాకు భయమేమిటన్నాను. కారణం ఉండక్కర్లేదని, ఆందోళన కూడా రక్తపోటులాంటి జబ్బేనని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. రోజూ పొద్దున ఒక బిళ్ళ రాసింది. నడవమంది.

ఆ తర్వాత అది గడ్డం గీసుకుంటుంటే వచ్చింది. కొబ్బరికాయలు వలిపిస్తుంటే వచ్చింది. ప్రార్థన మధ్యలోనూ వచ్చింది. నా చిన్నప్పటి అలవాటు ప్రకారం డైరీలో ఎండావానల పక్కనే దాన్నీ రాశాను. “మబ్బు. కాలువ నిండుగా ఉంది. భయం వచ్చింది. పోయింది.” కొన్నాళ్ళకు పేజీలు వెనక్కి తిప్పితే, “వచ్చింది” అన్న ప్రతి చోటా పక్కన “పోయింది” కూడా ఉంది. అది పోకుండా ఉండిపోయిన రోజు ఒక్కటీ లేదు. జనం చెప్పిన ధైర్యాలకంటే ఆ చిన్న మాట నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

ప్రార్థన కూడా మార్చుకున్నాను. మొదట్లో దీన్ని తీసెయ్యమని బతిమాలేవాణ్ణి. తర్వాత నా ఉద్యోగం గుర్తొచ్చింది. శ్రావణంలో గోదావరి పెరుగుతుంది. పెరగొద్దని ఏటిని తిట్టినవాణ్ణి నేను చూడలేదు. పెరిగినందుకు పాపి అని ఎవరూ అనలేదు. ఇసుక బస్తాలు వేసేవాళ్ళం, గట్టు మీద తిరిగేవాళ్ళం, గట్టు నిలబడాలని ప్రార్థన చేసేవాళ్ళం. ఇప్పుడూ అంతే. బిళ్ళ నా ఇసుక బస్తా. ప్రభువుని అడిగేది గట్టు గురించి.

మందుల షాపతను మా సంఘస్థుడే. ఇక చెప్పేదేముంది. స్త్రీల సమాజం వారు నా పేరుని ప్రార్థనాంశాల్లో ఒకరి కువైట్ వీసాకూ ఇంకొకరి డీఎస్సీ పరీక్షకూ మధ్య చేర్చారు. అందుకు నాకు కోపం లేదు, సంతోషమే. కానీ ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆపి, విశ్వాసం ఉన్నవాడికి చింత ఎందుకుంటుందండీ అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ నెల ప్రభు బల్ల నాడు నా చేతుల్లో పళ్ళెం వణికింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పళ్ళెంలో పరిచిన తెల్లగుడ్డ మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

తర్వాతి నెల ప్రభు బల్ల దగ్గరపడుతుండగా మా బావమరిది వచ్చాడు. నా భార్యకు సొంత తమ్ముడు, సంఘానికి సెక్రటరీ. వరండాలో కుర్చీ లాక్కుని కొబ్బరి ధర గురించి మాట్లాడి, కాఫీ సగం తాగాక అసలు సంగతికి వచ్చాడు. కమిటీ కూర్చుందట. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను లేచి, ప్రభువు నా చింత తీసేశాడని సాక్ష్యం చెప్పాలట. బిళ్ళలు మానేయాలట. అలాగైతే పళ్ళెం నాదే. లేకపోతే ఈ ఆదివారం నుంచి పాటలు నేర్పే క్వయర్ మాస్టారికి ఇస్తారట.

“తప్పుగా అనుకోకండి బావగారూ. మిమ్మల్ని చూసి విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారని కమిటీ వాళ్ళ బాధండి.”

“తియ్యలేదు కదా. తీసేసేడని ఎలా చెప్పను?”

“విశ్వాసంతో ముందే చెప్పెయ్యాలండి. చెప్పేక అదే పోద్ది.”

గుమ్మంలో నిలబడి వింటున్న నా భార్య అందుకుంది. “ఒరే, నీ షుగరు పోయిందని కూడా ముందే చెప్పెయ్యరా. చెప్పేసి, ఆ కాఫీలో నాలుగు చెంచాల పంచదార వేసుకో.”

“షుగరు వేరక్కా. అది ఒంటి జబ్బు.”

“ఆయ్. మరి ఈయనకి వణుకుతున్నది ఎవరి ఒళ్ళురా?”

అతను కాఫీ పూర్తిచేయకుండానే లేచాడు. శుక్రవారం మాత్రం తప్పకుండా రమ్మని నాకు చెప్పి, అక్కకు వందనాలు కూడా చెప్పకుండా వెళ్ళాడు.

ముందే చెప్పేసిన సాక్ష్యం ఏం చేస్తుందో నాకు తెలుసు. మా వీధిలో ఒకాయన మోకాలినొప్పి పోయిందని అలాగే చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. నొప్పి పోలేదు. పోయిందన్నవాడు కర్ర పట్టుకుని అందరి ఎదుటా ఎలా కుంటుతాడు? పాపం, సంఘంవాళ్ళు ఎదురుపడకుండా ఊరి వెనక కొబ్బరితోటల్లోంచి కుంటుకుంటూ తిరిగాడు. ప్రభువు ఆయన్ని అలా దాక్కోమన్నాడంటే నేను నమ్మను. రెండు మాటలు పలికితే నా పళ్ళెం నాకు దక్కుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత నా గుండె దడదడలాడిన ప్రతిసారీ నేనూ ఏదో ఒక తోటలో దాక్కోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం మందిరం నిండింది. నా వంతు వచ్చింది. ముందు బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డాను. బావమరిది కళ్ళు మూసుకుని, స్తోత్రం అనడానికి సిద్ధంగా ఉన్నాడు.

“నాకు పోలేదండి,” అన్నాను. “పొద్దున కూడా వచ్చింది. ఇప్పుడు కూడా ఉంది, నా చేతులు చూడండి. బిళ్ళ వేసుకున్నాను, ప్రార్థన చేసుకున్నాను, వచ్చి మీ ముందు నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆయన నన్ను పడిపోనివ్వలేదు. ఇదే నా సాక్ష్యం.”

కూర్చోవలసింది. కూర్చోలేదు.

“ఇంకొక్క మాటండి. ఆ బల్ల పెట్టిన ప్రభువు ఆ రాత్రే ఆ బల్ల దగ్గర్నించి లేచి, ప్రార్థన చేసుకోడానికి తోటకి వెళ్ళేడు. అక్కడ దుఃఖంతో కుంగిపోయేడు, చెమటలు పట్టేయి. ఆయన్ని ఎవరూ విశ్వాసం లేనివాడన్లేదు. ఆదివారం పళ్ళెం నేనే పడతాను. ఒలికితే నా చొక్కా మీద ఒలుకుద్ది.”

బావమరిది కళ్ళు తెరిచాడు. స్తోత్రానికి బదులు వెనక నుంచి ఒక పెద్దావిడ, ఔనన్నట్టు, “ఆయ్” అంది.

ఆదివారం పొద్దున భయం ఎప్పటికంటే గట్టిగానే వచ్చింది. బిళ్ళ వేసుకుని, స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కున్నాను. బొత్తాలు నా భార్య పెట్టింది, నా వేళ్ళకు లొంగలేదు. మానేస్తారా అని ఆవిడ అడగలేదు. మందిరం గుమ్మంలో బావమరిది అడ్డం వచ్చి, కమిటీ తీర్మానం అయిపోయిందనీ క్వయర్ మాస్టారితో చెప్పేశామనీ మెల్లిగా అన్నాడు. తీర్మానం జాగ్రత్తగా దాచుకొమ్మని చెప్పి లోపలికి నడిచాను.

పాస్టరుగారు పళ్ళెం ఎత్తగానే లేచాను. అటుపక్క క్వయర్ మాస్టారు సగం లేచి, నన్ను చూసి, మళ్ళీ హార్మోనియం ముందు కూర్చున్నారు. ఇన్నాళ్ళూ వణుకు వచ్చినప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు రెండు చేతులూ ముందుకు చాపాను. సంఘమంతా చూసేటట్టే చాపాను. పాస్టరుగారు వాటి వైపు చూశారు, నా మొహం చూశారు. ఒక్క క్షణం పళ్ళెం ఆయన దగ్గరే ఉంది. ప్రభువా, నాకు ఉన్నవి ఇవే, అనుకున్నాను. ఆయన పళ్ళెం నా చేతుల్లో పెట్టారు.

గ్లాసులు గలగలలాడాయి. పాట ఆగి ఉండడం వల్ల ఆ చప్పుడు మందిరమంతా వినబడింది. సిగ్గుపడలేదని చెప్పను. నడక మాత్రం ఆపలేదు. ఒక్కొక్క బెంచీ దగ్గర ఆగాను. కొందరు నా మొహం చూడకుండా తీసుకున్నారు. కొందరు పళ్ళెం అంచు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో గ్లాసు తీసుకున్నారు. చొక్కా చేతి మీద ఎర్రగా రెండు మరకలు పడ్డాయి.

వెనక నుంచి మూడో బెంచీ చివర మా బావమరిది కూర్చున్నాడు. నా మోచేతి వైపు వంగి, చాలా చిన్న గొంతుతో అన్నాడు.

“ఇలా ఇచ్చెయ్యండి బావగారూ. మిగతాది నేను పట్టుకెళ్తాను. ఎవరూ ఏమీ అనుకోరండి.”

ఈసారి ఆ గొంతులో కమిటీ లేదు. నా మీద జాలే ఉంది. అయినా ఇవ్వలేదు.

“నీ గ్లాసు తీసుకో,” అన్నాను.

తీసుకున్నాడు. నేను వెనక బెంచీ వైపు నడిచాను.