ఫైనలమ్మ ఇంగ్లీషు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడని అందరూ ఫైనలమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. కొలతలు తీసుకునేంతసేపూ ఆవిడది చక్కటి తెలుగే. మాట తెంచాల్సి వస్తే మాత్రం ఇంగ్లీషు దిగుతుంది. చొక్కా రేపటికే కావాలని ఎవరైనా బతిమాలితే, "నో ఛాన్స్. దట్స్ ఫైనల్." చిరుగు మరీ పెద్దదైతే, "గేమ్ ఓవర్, తుడుపుగుడ్డ చేసుకోండి." గౌను ఒంటికి అతికినట్టు కుదిరితే, "కేస్ క్లోజ్డ్."

పెళ్ళికి ముందు యూనిఫారాలు కుట్టే కంపెనీలో పనిచేసినప్పుడు అక్కడి సూపర్‌వైజరు దగ్గర పట్టుకొచ్చిన విద్య అది. కాదని తెలుగులో చెబితే జనం అరగంట ప్రాణం తీస్తారు. అదే ఇంగ్లీషులో చెబితే నోరు మూసుకుని సంచీ సర్దుకుంటారు. ఈ కిటుకు ఇంట్లోనూ పనిచేసింది. మొగుడితో ఎంత పెద్ద పోట్లాటైనా "ఫుల్‌స్టాప్" అనేసరికి ఆగిపోయేది. ఆయన పాపం అప్పటికి మొదలు కూడా పెట్టి ఉండడు.

దీనికో నియమం కూడా ఉంది. ఇంగ్లీషులో అన్న మాట వెనక్కి తీసుకోకూడదు. ఒక్కసారి తీసుకుంటే ఇక దాన్ని ఎవరు లెక్కచేస్తారు?

ఆ నియమమే మొన్న మంగళవారం ఆవిడ పీకకి చుట్టుకుంది. పై వాటాలో ఉండే తోటికోడలు పద్దెనిమిదేళ్ళుగా కిందికి దిగి కాజాలు, గుండీలు, అంచుల పని చూస్తోంది. ఆ రోజు కస్టమరు ఎదుటే ఒక చొక్కా ముక్కలు చేతిలోకి తీసుకుని, "అక్కా, రెండు చేతులూ ఎడమవే కత్తిరించావు" అంది. కస్టమరు ఫక్కున నవ్వాడు. ఫైనలమ్మ మొహం జేవురించింది. "దిసీజ్ ద ఎండ్. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అనేసింది.

తోటికోడలు సూది గుడ్డకి గుచ్చి, కత్తెర బల్లమీద పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెబితేనే బాగుండేది.

బుధవారం నుంచి కాజాలు ఫైనలమ్మే వేసుకుంది. ఒకదాంట్లో గుండీ పట్టదు, ఇంకొకదాంట్లో రెండు గుండీలు పడతాయి. శనివారం మొగుడు చల్లగా కబురు మోసుకొచ్చాడు.

"రోడ్డు చివర టైలరు కొట్టువాళ్ళు మరదల్ని రమ్మన్నారట. సోమవారం నుంచి చేరుతుందట."

"చేరనీ. నాకేం?"

"నీకేం లేదులే. వెనక్కి తీసుకునే ఇంగ్లీషు ముక్క ఒకటీ లేదా నీ దగ్గర?"

ఆవిడ కసిరింది కానీ, రాత్రంతా వెతుక్కుంది. ముగించే మాటలు గంపెడున్నాయి. తిరిగి కలిపేది ఒక్కటే తేలింది, "సారీ". అది బస్సులో కాలు తొక్కితే చెప్పేది. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్న మనిషికి అదా చెప్పడం?

ఆదివారం మధ్యాహ్నం మెట్లెక్కింది. ఎక్కడానికి పన్నెండు మెట్లే, పట్టింది పావుగంట. తోటికోడలు మంచంమీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫైనలమ్మ మంచం చివర కూర్చుంది. ఒక తువ్వాలు అందుకుని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"ఆ చేతులు నేనే తప్పు కత్తిరించానే" అంది చివరికి. "కోపం నీమీద కాదు. ఈమధ్య నా కళ్ళకి బట్ట పైవైపేదో లోపలివైపేదో తెలియడం లేదు. ఎవరికీ చెప్పలేదు. మీ బావగారికి కూడా."

ఆ మాట అన్నాక ఆవిడకి భయమేసింది. కళ్ళు పోతే టైలరుకి ఇంకేముంది?

తోటికోడలు మడతపెట్టడం ఆపలేదు.

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఆర్నెల్లుగా తెలుసు. రోజూ పొద్దున్నే నీకంటే ముందు దిగి, బట్టలన్నీ సరిగ్గా తిప్పి బల్లమీద పరుస్తోంది ఎవరనుకున్నావు? మంగళవారం నాకు మెలకువ రాలేదు. నేను దిగేసరికే కత్తిరించేశావు."

ఫైనలమ్మ చేతిలో తువ్వాలు పక్కన పెట్టేసింది. ముగించే మాట ఏ భాషలోనూ వెతుక్కోలేదు. తోటికోడలి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.