పెదనాన్నగారి వసారాలో తేనెపిట్ట

ఈ ఉదయం ముక్తేశ్వరం నుంచి మా పెదనాన్నగారి అమ్మాయి, మా అక్క, తన వసారాలో బట్టలారేసే తీగకి వేలాడుతున్న తేనెపిట్ట గూడుని ఫోటో తీసి పంపింది. అమలాపురంలో, మూడో అంతస్తులో కాఫీ తాగుతూ దాన్ని చూసిన నాకు ఈ వయసులో రాకూడనంత కుళ్లు వచ్చింది. డాక్టరుగారి మాట విని తీపి మానేశాను గాని, ఈ చేదు మానడం నావల్ల కాలేదు.

ముక్తేశ్వరంలోని మా పెంకుటింటికి తాతగారు నడిమధ్య తడిక కట్టించి ఇద్దరు కొడుకులకీ సమంగా పంచేరు. వసంతాన్ని పంచడం మాత్రం మరిచిపోయినట్టున్నారు. శివరాత్రి వెళ్లి, పొద్దుటి మంచు పలచబడి, మధ్యాహ్నం దాటేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగే ఆ రోజుల్లో మునగపూత వాళ్ల దొడ్లోనే ముందు విచ్చేది, కాలవగట్టున తూటిపూలు వాళ్ల రేవు దగ్గరే విరగబూసేవి, ఇక తేనెపిట్ట సరేసరి, మా చూరుకింది సాలెగూళ్లు పీక్కెళ్లి మరీ వాళ్ల వసారాలో ఇల్లు కట్టుకునేది. సరుకు మాది, సంసారం వాళ్లది. నాకన్నా మూడేళ్లు పెద్దదైన అక్క ఆ గూడు కింద పీట వేసుకుని, సొంత పెంపకమన్నట్టు కూర్చునేది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక ఫాల్గుణంలో ఆ గూట్లో రెండు పిల్లలయ్యాయి. సరిగ్గా అప్పుడే, నాన్నగారు గడ్డం గీసుకుని స్తంభానికి మరిచిపోయిన అద్దం దగ్గరికి నల్లగా నిగనిగలాడే మగపిట్ట వచ్చి, అందులో కనిపించిన పిట్టని పొడవడం నా కంటపడింది. అంతే, ఒంటిపూట బడి నుంచి రాగానే ఆ అద్దం రోజూ స్తంభానికెక్కేది. పిట్ట సాయంత్రం దాకా మా వైపే ఉండేది. నన్ను చూడ్డానికే వస్తోందని మా అమ్మతో సహా అందరికీ చెప్పుకున్నాను. దానికి ఆయాసంతో ముక్కు తెరుచుకుపోతున్నా, అది పాడుతోందనే అనుకున్నాను.

మూడో రోజున అక్క తడిక దాటి వచ్చి, తన ఓణీ కొంగుతో అద్దాన్ని కప్పేసింది. తల్లిపిట్ట ఒక్కతే మేతకి తిరగలేకపోతోందని, ఒక పిల్ల పొద్దుటి నుంచి తలెత్తడం లేదని చెప్పింది.

“అది నీకోసం రావట్లేదురా తమ్ముడూ. దానికి ఇంటి దగ్గర పిల్లలున్నారు, పంపించెయ్యి.”

నేను అద్దం తీసి బియ్యపు డబ్బా వెనక దాచేశాను. మర్నాడు నాన్నగారు సగం నురగతో ఇల్లంతా వెతుక్కున్నారు గాని, అక్క నోరు విప్పలేదు. మగపిట్ట అద్దం దాచిన సాయంత్రానికే పురుగు కరుచుకుని గూటికి వెళ్లింది. తలెత్తని పిల్ల తలెత్తింది. నాలుగు రోజుల తరవాత, నేను బడిలో ఉండగా, రెండూ ఎగిరిపోయాయి. ఆ ఎగరడం అక్క ఒక్కతే చూసింది. ఆమె నా గుట్టు దాచిందన్న కృతజ్ఞత కన్నా, అది నేను చూడలేదన్న ఉక్రోషమే నాకు ఎక్కువ కాలం ఉంది.

ఇప్పుడు మా మెట్లకి అవతలి ఎదురింటాయన కొత్త కారు చూసి నేనూ, నా ఏసీ చూసి ఆయనా పద్ధతిగా కుళ్లుకుంటూనే ఉన్నాం గాని, అందులో ఆనాటి పస లేదు. రెండో రోజుకే మరిచిపోతున్నాం. ఒక పిట్ట ఎవరి వసారాకి వచ్చిందని అరవై ఏళ్లపాటు కుళ్లుకునే అదృష్టం ఈ కాలం పిల్లల్లో ఎంతమందికి ఉందో.